తేవాంగు చెయ్యి

బోడినాయకనూరులో పొద్దున ఆరింటికి జీపులు కొండెక్కుతాయి. కేరళ పక్క ఏలక్కాయ తోటల్లో పనికి పోయే ఆడవాళ్లు చీర మీద మొగవాళ్ల ఫుల్‌చొక్కా తొడుక్కుని, అన్నం డబ్బా సంచిలో పెట్టుకుని స్టాండులో నిలబడతారు. తొమ్మిది మందికని చేసిన జీపులో ఇరవై మంది ఎక్కుతారు. వెనక తలుపు గడియ ఏనాడో ఊడిపోయి ఉంటుంది, దానికి బదులు అడ్డంగా తాడు కడతారు. ఆఖర్న ఎక్కినామె తన వీపు వెనక తానే ముడి వేసుకుని మెట్టు మీద నిలబడి పోవాలి. ఆ జీపుల్లో అదే మామూలు. వాళ్లు పోయిన రెండు గంటలకు ఊళ్లో ఏలక్కాయ గోడౌన్ల తలుపులు తీస్తారు. పాపమ్మాళ్ పని గోడౌన్లో.

ముప్పై ఏళ్లుగా ఆమె చాప మీద కూర్చుని కాయలు ఏరుతోంది. లావువి ఒక పక్క, పచ్చవి ఒక పక్క, నోరు తెరిచినవి ఇంకో పక్క. ఆ వాసన వేళ్లకు పట్టిందంటే వదలదు. "మా అత్త పెట్టిన చేపల పులుసు కూడా పాయసం వాసనే" అని అల్లుడు ఆండియప్ప వేళాకోళం చేసేవాడు. మధ్యాహ్నం అన్నం తిన్నాక అరగంట విరామం ఉంటుంది. మిగతావాళ్లు గోడకు జారగిలబడి కునుకు తీస్తే, పాపమ్మాళ్ సంచిలోంచి ఊలు, క్రోషా కొక్కెం తీసేది. చిన్నప్పుడు కాన్వెంటు సిస్టర్లు నేర్పిన పని. ఆ వీధిలో పుట్టిన ప్రతి బిడ్డ తలమీదా మొదటి టోపీ ఆమె అల్లిందే.

ఈసారి అల్లుతున్నది టోపీ కాదు, తేవాంగు. దేవాంగ పిల్లి అంటారే, అది. పిడికెడు ఒళ్లు, మొహం నిండా కళ్లు, పుల్లల్లాంటి పొడుగు చేతులు. మనవరాలు షణ్ముగప్రియ కోసం. ఆ పిల్లకు ఆరేళ్లు. పోయిన చలికాలంలో ప్రియ వాళ్లమ్మ ముత్తులక్ష్మి కొండెక్కుతుంటే జీపు లైటు వెలుగులో చెట్టు మీద ఒక తేవాంగు కనబడింది. ఇంటికొచ్చి కళ్లు ఇంతింత చేసి పిల్లకు చూపించి, "అవ్వతో చెప్పి నీకొకటి అల్లిస్తాలే" అంది. ఆ మాటన్న పదో రోజున, పదకొండో మలుపు దగ్గర, జీపు వెనక మెట్టు మీద నుంచి పడి ముత్తులక్ష్మి చచ్చిపోయింది.

ఎట్లా పడింది? జీపు తోలే కుమరేశన్ పోలీసులకు చెప్పాడు. కూతురు ఫోన్ చేసింది, ఫోన్ తియ్యడానికి ఆమె చెయ్యి వదిలింది, పడింది. జీపులో ఉన్న ఆడవాళ్లంతా అవునవునన్నారు. కాగితం మీద రాసుకున్నారు. అయిపోయింది. ఊరంతా అదే చెప్పుకుంది, ఆ ఊళ్లోనే ఆ పిల్ల కూడా ఉంది కదా!

నిజంగానే ఆ పొద్దున ప్రియ అవ్వ ఫోన్ తీసుకుని అమ్మకు చేసింది. అమ్మ ఎత్తలేదు. ఇంక ఆ పిల్లకు ఎవరూ చెప్పక్కర్లేకపోయింది. ఎవరైనా "పేరేం పాపా?" అని అడిగితే, "షణ్ముగప్రియ. మా అమ్మను నేనే తోసేసినాను" అనేది. ఏడుస్తూ కాదు, గొణుగుతూ కాదు, బడిలో పద్యం అప్పజెప్పినట్టు. రేషన్ కొట్టులో చెప్పింది. టీచరుకు చెప్పింది. చర్చి మెట్ల మీద బెలూన్లమ్మే ముసలాయనకు చెప్పింది. ఇంట్లో ఫోన్ మోగితే మంచం కింద దూరేది. తర్వాత బడికే పోనంది. అందుకే పాపమ్మాళ్, కనీసం అమ్మ ఇస్తానన్న బొమ్మయినా ఇద్దామని మొదలుపెట్టింది.

ఊలు కొనలేదు. ఆస్పత్రివాళ్లు మూటకట్టి ఇచ్చిన బట్టల్లో ముత్తులక్ష్మి స్వెట్టర్ ఉంది, మట్టిరంగుది. ఉతికి, విప్పి, ఉండ చుట్టింది. బొమ్మ చేతులు లాగితే సాగాలని, తిరుప్పూరు బనియన్ కంపెనీలో మిగిలిన సాగే దారం తెప్పించి ఆ ఊలుతో కలిపి పేనింది. తలలోకి, పొట్టలోకి బూరుగు దూది కూరింది. కళ్లకు నల్ల బొత్తాలు.

తల, ఒళ్లు అయ్యాయి, చేతులు ఇంకా అల్లాలి అన్నప్పుడు గోడౌన్లో పక్క చాప మీది రామక్కాళ్ ఆ బొమ్మను చూసింది. రామక్కాళ్ కూడా ముందు కొండ పనికి పోయేదే. ముత్తులక్ష్మి పోయినాక కొండెక్కడం మానేసి గోడౌన్లో చేరింది.

"అక్కా, ఇది ముత్తు స్వెట్టరు గదా?"

"అవును. ఏం?"

రామక్కాళ్ చేతిలో జల్లెడ కింద పెట్టేసింది. "అక్కా, నన్ను చెప్పు తీసుకుని కొట్టు."

"ఏమయిందే నీకు?"

"ఫోన్ సంచిలో ఉండె అక్కా. సంచి నా కాళ్లకాడ ఉండె. ముత్తు ఫోను ముట్టనే లేదు. తాడు తెగింది. కుళ్లిపోయిన తాడు. వారం దినాలుగా మొత్తుకుంటా ఉండె ముత్తు, అణ్ణే తాడు మార్చు, తాడు మార్చు అని. రేపు, రేపు అన్నాడు. ఆమె పడిపోయినాక మేమంతా దిగి రోడ్డు మీద నిలబడి అరస్తా ఉంటే, అప్పుడు మోగింది అక్కా సంచిలో ఫోను. అప్పటికి ఆమె పడి చానాసేపయింది. నేనే విన్నా. ఎత్తడానికి చేతులు రాలేదు."

పాపమ్మాళ్ కొక్కెం చాప మీద పెట్టింది.

"మరి అట్లా ఏంటికి చెప్పినారే అందరూ?"

"నిజం చెప్తే పర్మిట్టు పోతాది, జీపు పోతాది, రేపటి నించి మిమ్మల్ని ఎవుడు కొండెక్కిస్తాడు అన్నాడు కుమరేశన్. ఫోను మీద ఏసేద్దాం, దానితో ఎవురికీ ఏమీ కాదన్నాడు. సరి, పోయినామె ఎట్లయినా పోయింది అనుకున్నాం. ఆ ఫోనుకి అవతల పక్క పిల్ల ఉండాదే అని మా బుర్రకు తట్టలేదు అక్కా. సత్యంగా తట్టలేదు."

ఇరవై మంది ఆడవాళ్లు! వాళ్లలో సగం మంది పిల్లల తల్లులే, పొద్దున కొండెక్కుతూ ఫోనులోనే పిల్లల్ని నిద్ర లేపేవాళ్లే. ఒక్కదానికీ తట్టలేదు.

ఆ సాయంత్రం పాపమ్మాళ్ తిన్నగా జీపు స్టాండుకు పోయింది. కుమరేశన్ అద్దం తుడుస్తున్నాడు. పక్క వీధివాడే, వరసకు అత్తా అని పిలుస్తాడు.

"రా అత్తా. టీ తాగుతావా?"

"టీ ఒద్దు. రామక్కాళ్ అంతా చెప్పింది. పోలీసుల కాడికి నేను పోను. నా కూతురు ఇంగ రాదు. నేను చెప్తే ఊరడించనీకి చెప్తుండానని పిల్ల నమ్మదు. నువ్వొచ్చి ఆ పిల్లతో ఒక్క మాట చెప్పు, అమ్మ పడింది నీ వల్ల కాదు పాపా అని. అంతే."

కుమరేశన్ గుడ్డ పిండి, అటూ ఇటూ చూశాడు. "అత్తా, కాగితం అయిపోయింది. పిల్లతో చెప్తే అది ఊరంతా చెప్తాది. నాకు పెళ్లాం ఉండాది, ఇల్లు ఉండాది. చిన్నపిల్ల గదా, రెండేళ్లు పోతే మరిచిపోతాది."

మరిచిపోతాదంట! పాపమ్మాళ్ తిరిగి ఇంటికొచ్చింది. ఆదివారం ఒట్టన్‌చత్రం కూరగాయల మార్కెట్ నుంచి ఆండియప్ప వచ్చాడు. అక్కడ మూటలు మోసే పని అతనిది, వారానికొకసారి పిల్లను చూసి పోతాడు. సంగతి విని పళ్లు కొరికాడు.

"ఇప్పుడే పోయి వాని కాలు విరిచేసి వస్తా అత్తా."

"కాలు విరిగితే కట్టు కట్టుకుని నెలలో లేస్తాడు. కూచో. వాని నోరు విప్పాల. దానికి నేనుండాను."

ఆ తర్వాత మూడు రోజులు ఆమె తేవాంగు చేతులు అల్లింది. తల అల్లినప్పుడు ముత్తులక్ష్మిని తలుచుకుంది, పొట్ట అల్లినప్పుడు మనవరాలిని. చేతులకొచ్చేసరికి ఒక్కొక్క గొలుసుకుట్టుకూ ఒక్కొక్క తిట్టు. పిల్లలాడుకునే బొమ్మ మీద అనకూడని మాటలన్నీ అంది. వాని పీక పట్టుకో, వాని పీక పట్టుకుని ఈడ్చుకురా, కొండ మీద దాంకున్నా వదలొద్దు. పక్కింటామె కిటికీ మూసేసుకుంది. కొక్కెం పోట్లకు చూపుడు వేలు పుండయింది. ఆఖరి ముడి వేసి దారం పంటితో తెంపుతూ, "ఇంగ పో" అంది.

ప్రియ బొమ్మను చూసి, ఒక చెయ్యి పట్టుకుని లాగింది. బారెడు సాగి, వదిలితే టపీమని వెనక్కొచ్చింది. మళ్లీ లాగింది. నాలుగు నెలల తర్వాత ఆ పిల్ల పళ్లు కనబడ్డాయి. మధ్యాహ్నం దాన్ని చంకలో పెట్టుకుని నిద్రపోయింది. లేచేసరికి తేవాంగు ఎడమ చెయ్యి ప్రియ మెడ చుట్టూ ఉంది. కుడి చెయ్యి గడప దాటి వీధిలోకి పోయింది.

పాపమ్మాళ్ చెప్పులేసుకుని ఆ చెయ్యి వెంబడే నడిచింది. మట్టిరంగు ఊలు, చిటికెన వేలంత లావు. వీధి కొళాయి పక్కగా, ఇస్త్రీ బండి కింద నుంచి, టీకొట్టు బల్ల మీదగా పోయింది. టీకొట్టాయన, "అక్కా, నీ బొమ్మ చెయ్యి నా వడల కడాయి మీదగా పోతాంది, కొంచెం పైకెత్తు" అన్నాడు. ఆమె దాన్ని గుంజకు తగిలించింది. నాలుగురోడ్ల దగ్గర కానిస్టేబులు లాఠీతో దాన్ని పైకెత్తి పట్టి, కింద నుంచి బస్సును పంపిస్తున్నాడు. జీపు స్టాండులో, టైరు మీద కూర్చున్న కుమరేశన్ కుడి మణికట్టు దగ్గర ఆ చెయ్యి ఆగింది. అయిదు ఊలు వేళ్లు గట్టిగా చుట్టుకుని ఉన్నాయి.

"పీక పట్టుకోమంటే చెయ్యి పట్టుకున్నావా?" అని బొమ్మ చేతిని విసుక్కుంది పాపమ్మాళ్.

"అత్తా, దీన్ని తియ్యి."

"చెప్పాల్సింది చెప్పు, తీస్తా."

"చెప్పను."

"అయితే ఉంచుకో."

వాడు కత్తెరతో కోశాడు, తెగలేదు. బీడీ అంటించి కాల్చాడు, ఊలు కమురు వాసన కూడా రాలేదు. సరే, సాగుతుంది కదా, ఏమవుతుందిలే అనుకున్నాడు. మర్నాడు మామూలుగా జీపు తీసి కొండెక్కాడు. వెనకాల తేవాంగు చెయ్యి సాగుతూ సాగుతూ పదిహేడు మలుపులూ చుట్టుకుని కేరళ దాకా పోయింది. దారిలో ఊళ్లవాళ్లు దానిమీద తువాళ్లు ఆరేసుకున్నారు.

కుమరేశన్‌కు తెలియనిది ఒకటుంది. పాపమ్మాళ్ రోజూ పొద్దున కాఫీ తాగాక బొమ్మను ఒడిలో పెట్టుకుని, చెయ్యి భుజానికి అతికిన చోట కొక్కెం దూర్చి, చెయ్యిని కాస్త లోపలికి లాగి, ఒక్క కుట్టు బిగించేది. రోజుకు ఒక్కటే కుట్టు. తొందర లేదు.

పది రోజులకు వాడు తోటల దాకా పోలేకపోయాడు. బోడిమెట్టు చెక్‌పోస్టు దగ్గరే చెయ్యి వెనక్కి లాగింది, ఆడవాళ్లు దిగి మిగతా దారి నడిచారు. ఇంకో వారానికి పదకొండో మలుపు దాటలేకపోయాడు. స్టీరింగు మీద నుంచి చెయ్యి ఊడొచ్చి, జీపు అక్కడే ఆగిపోయింది. ఆ చోట ఎందుకాగిందో జీపులో ఇరవై మందికీ తెలుసు. ఎవరూ ఒకరి మొహం ఒకరు చూసుకోలేదు. మర్నాటి నుంచి జీపు తోలడానికి వేరేవాణ్ని పెట్టుకున్నాడు. రోజంతా స్టాండులో టైరు మీద కూర్చునేవాడు. తర్వాత స్టాండు కూడా దూరమైపోయింది.

ఒకరోజు వాడి పెళ్లాం సుగన్య ఆ చెయ్యి పట్టుకుని నడుచుకుంటూ పాపమ్మాళ్ వాకిట్లోకి వచ్చింది.

"అత్తా, కొంచెం వదులు చెయ్యి. ఆయన ఎడమ చేత్తో అన్నం తింటుండాడు."

"తిననీ."

"ఆయన చేసిన తప్పేంది? నాకేమీ చెప్పడు. అడిగితే అరస్తాడు."

పాపమ్మాళ్ జవాబు చెప్పకుండా లోపలికి చూసి, "ప్రియా, ఇట్లా రా కణ్ణూ. సుగన్య అత్తకు నీ పేరు చెప్పు" అంది.

ఆ పిల్ల తేవాంగును చంకనేసుకుని వచ్చి, "షణ్ముగప్రియ. మా అమ్మను నేనే తోసేసినాను" అంది.

సుగన్య గుమ్మం పట్టుకుంది. ఆ తర్వాత పాపమ్మాళ్ పిల్లకు వినపడకుండా అంతా చెప్పింది, తాడు సంగతి, సంచి సంగతి, ఫోన్ ఎప్పుడు మోగిందో ఆ సంగతి. సుగన్య పిల్ల తల మీద చెయ్యి వేయబోయి, వేయకుండానే పోయింది. ఆ పూట నుంచి మొగుడికి కంచం పెట్టలేదు. "పోయి ఆ పిల్లకి చెప్పిరా. అప్పుడొచ్చి తిను" అని తలుపేసుకుంది.

అయినా వాడు రాలేదు. మొండితనం చూడండి! ఇంకో వారానికి వాడి ఇల్లే వాడికి దూరమైంది. సొంత గడప నాలుగడుగుల్లో ఉండగా చెయ్యి లాగేసేది. టీకొట్టు బల్ల మీద పడుకున్నాడు. తర్వాత ఇస్త్రీ బండి పక్కన. తర్వాత వీధి కొళాయి దగ్గర. నీళ్లకొచ్చిన ఆడవాళ్లు బిందెలు పెట్టుకోను చోటు లేదని తిట్టేవాళ్లు. పాపమ్మాళ్ గుమ్మంలో కూర్చుని రోజూ చూసేది. వాడి గడ్డం పెరగడం చూసింది. చొక్కా మాసిపోవడం చూసింది. జాలేసిందా అంటే, వెయ్యలేదు. కాఫీలో ఇంకొంచెం చక్కెర వేసుకుని, కొక్కెం తీసి ఇంకో కుట్టు బిగించింది.

నలభై ఒకటో కుట్టుకు కుమరేశన్ ఆమె మెట్టు మీద ఉన్నాడు. కుడి చెయ్యి ముందుకు చాచి, మోకాళ్ల మీద కూలబడి. పొద్దున ఆరు దాటింది. కొండకు పోయే జీపు వీధి చివర ఆగి ఉంది, ఆడవాళ్లు ఎక్కకుండా ఇటే చూస్తున్నారు. రామక్కాళ్ కూడా వచ్చి నిలబడింది.

"అత్తా, నన్ను మన్నించు."

"నాతో ఏంటికి? నేను నిన్ను చచ్చేదాకా మన్నించను, ఆ ఆశ పెట్టుకోకు. పిల్లతో చెప్పు."

ప్రియ గడప మీద కూర్చుని ఉంది. ఒళ్లో తేవాంగు. వాడు నేల చూస్తూ ఏదో గొణిగాడు.

"నేలతో కాదు. దాని కళ్లలోకి చూసి చెప్పు" అంది పాపమ్మాళ్.

కుమరేశన్ తలెత్తాడు. "పాపా, మీ అమ్మ ఫోన్ తియ్యలేదు. ఫోను సంచిలో ఉండె. తాడు తెగి పడిపోయింది. ఆ తాడు నాది. మార్చమని మీ అమ్మ వారం దినాలు చెప్పింది, నేను మార్చలేదు. నువ్వు ఫోన్ చేసేటప్పటికే మీ అమ్మ పడిపోయి ఉండె. మీ అమ్మను చంపింది నేను. నువ్వు కాదు. పోలీసులకు నేను అబద్ధం చెప్పినాను."

రామక్కాళ్ కొంగు నోట్లో కుక్కుకుని ఏడుస్తోంది. ప్రియ వాడి మొహాన్ని చూస్తూనే ఉంది, కనురెప్ప వేయకుండా.

"ఫోన్ మోగినప్పుడు అమ్మకు వినపడిందా?" అని అడిగింది.

"లేదు పాపా. వినపడలేదు."

"ఇంగోసారి చెప్పు."

"ఏమి చెప్పాల?"

"అంతా."

వాడు మళ్లీ చెప్పాడు. ఈసారి జీపు దగ్గరి ఆడవాళ్లకు కూడా వినపడింది. చెప్పడం అయ్యాక పాపమ్మాళ్ లోపలికి పోయి కత్తెర తెచ్చింది. చెప్తే తీస్తానని స్టాండులో వాడికి మాట ఇచ్చింది కదా. కత్తెర ఊలు మీద పెట్టబోతే ప్రియ తన అరచెయ్యి అడ్డం పెట్టింది.

"కత్తిరించొద్దు అవ్వా."

"చెప్పేసినాడు గదా కణ్ణూ."

"రేపు గూడా చెప్పాల."

పాపమ్మాళ్ మనవరాలి మొహంలోకి చూసింది. చూసి, కత్తెర మూసి బొడ్లో దోపుకుంది.

ఆ రోజు నుంచి కుట్ల పని ప్రియ తీసుకుంది. పొద్దున వాడు వచ్చి చెప్పి పోయాక కుట్లన్నీ వదులు చేస్తుంది, వాడు ఇంటికి పోయి అన్నం తిని ఏడింటికి జీపెక్కుతాడు. సాయంత్రం మళ్లీ బిగిస్తుంది. వాడే పోలీసుల దగ్గరికి పోయి కాగితం తిరగరాయించుకున్నాడు, కేసు నడుస్తోంది. జీపుకు ఇనప తలుపు పెట్టించాడు, తొమ్మిది మంది కంటే ఎక్కించడు. రోజూ ఆరింటికి వచ్చి, మెట్టు మీద నిలబడి, తాడు నాది అన్న దగ్గర నుంచి అబద్ధం చెప్పినాను అన్న దాకా అంతా చెప్పాలి. ఒక్క మాట వదిలేసినా మొదటికొస్తుంది. పాపమ్మాళ్ పక్కన కూర్చుని కాఫీ తాగుతూ వింటుంది. ఆ మాటలు వినకపోతే ఆమెకు కాఫీ దిగదు.

ప్రియ మళ్లీ బడికి పోతోంది. ఎవరైనా పేరడిగితే పేరు ఒక్కటే చెప్పి ఊరుకుంటుంది. ఆషాఢం, వాళ్ల ఆడి నెల, గాలికి దుమ్ము లేస్తున్న ఒక పొద్దున, చెప్పడం అయిపోయాక కుమరేశన్ వెళ్లకుండా నిలబడ్డాడు.

"పాపా, నూరుసార్లు చెప్పినా. ఇంగ ఎన్నాళ్లు చెప్పాల?"

ప్రియ రిబ్బను ముడి వేసుకుంటూ ఆలోచించింది. వాడి మీద కోపం కూడా లేదు ఆ మొహంలో.

"నాకు నమ్మకం వచ్చేదాకా" అంది.

కుమరేశన్ తల దించుకున్నాడు. పాపమ్మాళ్ గ్లాసు కింద పెట్టింది. వాడు కళ్లు తుడుచుకుని, ఆ పిల్ల కళ్లలోకి చూసి, మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టాడు.